ఆర్గానిక్‌తో పాటు ఫిజిక్స్ వద్దు

నమస్తే అండీ. మీ అమ్మాయి అమెరికాలో డెంటల్ స్కూల్ కోసం ప్రిపేర్ అవుతోందని, రెండో ఏడాదిలో ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫిజియాలజీ, ఫిజిక్స్ కలిపి తీసుకుంటే ఎలా ఉంటుందని అడిగారు. ఫిజిక్స్‌ను మూడో ఏడాదికి జరపమనండి. చాలా స్కూళ్లు ఫిజిక్స్ అడుగుతాయి కానీ, డెంటల్ స్కూళ్ల ప్రవేశ పరీక్ష అయిన డీఏటీలో అది లేదు. అందులో వచ్చేది బయాలజీ, జనరల్, ఆర్గానిక్ కెమిస్ట్రీలు, లెక్కలు, రీడింగ్, ఇంకా ఆకారాలను మనసులో తిప్పి చూసే పర్సెప్చువల్ ఎబిలిటీ. ఈ చివరిది క్లాసులో నేర్పరు, రోజూ కాస్త సాధన చేయాలి. ఆర్గానిక్ రెండు భాగాలూ అయ్యాక, ఆ వేసవిలోనే డీఏటీ రాస్తే చదివింది గుర్తుంటుంది.

భారం ఎక్కువై గ్రేడ్ పడిపోతే, మళ్లీ చదివినా ఆడ్సాస్ (డెంటల్ స్కూళ్లకు ఉమ్మడిగా అప్లై చేసే పద్ధతి) వేసే జీపీఏ, అంటే సగటు గ్రేడ్, లెక్కలో పాత గ్రేడ్ కూడా కలుస్తుంది. నా టెన్షన్ అంతా దాని గురించే. బయోకెమిస్ట్రీ మూడో ఏడాదిలో పెట్టుకోవచ్చు. ఈలోగా సెలవుల్లో జనరల్ డెంటిస్ట్ దగ్గర షాడోయింగ్ (పక్కనే ఉండి పని గమనించడం) మొదలుపెట్టి, గంటలు రాసిపెట్టుకోమనండి.

మూడో ఏడాది అయిన వెంటనే, జూన్‌లోనే అప్లికేషన్ పంపాలి. చాలా స్కూళ్లు వచ్చినవి వచ్చినట్టే చూస్తాయి. మీరు టెక్సాస్‌లో ఉంటే అక్కడి స్కూళ్లకు టీఎండీసాస్ అని వేరే అప్లికేషన్ ఉంటుంది.