వాట్సాప్‌ల పడ్డదాన్ని ఊరంతా ఎందుకు నమ్ముతది? పట్టేదెట్లా?

ఊరి గ్రూపుల పొద్దున ఒక వీడియో పడితే సాయంత్రానికి అందరి మాటా ఎట్ల మారుతదని అడిగిండ్రు. పంపినోడు మనోడైతే చాలు, అది ఎక్కడ పుట్టిందో ఎవ్వరూ అడగరు.

2018ల పిల్లల్ని ఎత్తుకపోయే ముఠాలొచ్చినయని తిరిగిన వీడియోనే చూడండి. బైక్ మీద ఇద్దరొచ్చి పిల్లాణ్ని లాక్కపోతరు. అది పాకిస్తాన్‌ల, కరాచీల పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార వీడియో. అసలుదాంట్ల వాళ్లే వెనక్కొచ్చి పిల్లాణ్ని దింపి, హెచ్చరిక రాసిన అట్ట చూపిస్తరు. ఆ చివరి ముక్క కోసేసిండ్రు, అంతే. అప్పుడు గద్వాల, వనపర్తి జిల్లాల ఎస్పీ రెమా రాజేశ్వరి ఊళ్లకు పోలీసులను పంపి, డప్పు కొట్టించి, పాటలు పాడించి ఆ పుకారును ఆపిండ్రు.

మంచి మాటా ఇదే దారిల పోతది. 2019ల నల్లమల అడవిల యురేనియం తవ్వకాలొద్దన్న గొడవ అమ్రాబాద్ దిక్కు ఊళ్ల నుంచి ఫోన్లకెక్కి సినిమావాళ్ల దాకా పోయింది. సెప్టెంబర్‌ల తెలంగాణ అసెంబ్లీ తవ్వకాలొద్దని తీర్మానం చేసింది. కాకపోతే ఊళ్లల్ల జనం అంతకుముందే రోడ్డెక్కిండ్రు, అది మరువొద్దు.

ఇగ అబద్ధాన్ని పట్టే పద్ధతి. దుకాణం బోర్డు, బండి నంబరు, యూనిఫాం కనిపించే చోట్ల వీడియో ఆపి మూడు నాలుగు స్క్రీన్‌షాట్లు తీసి, బొమ్మను బట్టి నెట్‌ల వెతికే గూగుల్ లెన్స్‌ల పెట్టండి. పైన అతికించిన తెలుగు పట్టీని కత్తిరించి పెట్టాలె, లేకుంటే లెన్స్ ఆ అక్షరాలనే వెతుకుతది. మెసేజ్ మీద జంట బాణాలుంటే అది కనీసం ఐదు చేతులు మారింది. 2020 ఏప్రిల్ నుంచి అట్లాంటిది ఒకసారికి ఒక్క చాట్‌కే పోతది. బాణాలు లేనంత మాత్రాన పంపినోడే తీసిండని అనుకోవద్దు. గ్యాలరీలకు దించుకొని కొత్తగ పంపితే ఆ గుర్తు పోతది.

అన్నిట్లకన్న తిప్పలు వాయిస్ మెసేజ్‌తోనే, లెన్స్‌కు అందదు. ఊరి పేరు, తారీఖు, ఠాణా పేరు ఉన్నయా వినండి. "నిన్న రాత్రి మన పక్కూర్ల" అనే ఆడియోకు ఏడాదంతా నిన్ననే. పేరుంటే ఆ ఊరి సర్పంచ్‌కో, ఠాణాకో ఒక్క ఫోన్ కొడితే తేలిపోతది.

అడ్మిన్లు ఊకె డిలీట్ చేసి వదిలేస్తరు. అప్పుడు "ఏదో దాస్తున్నరు" అని అనుమానం ఇంకింత పెరుగుతది. ముందుగాల అదే గ్రూపుల, మన యాసల అర నిమిషం వాయిస్ పెట్టండి, అసలు వీడియో లింకు జోడించండి. పొడుగు రాతలు ఎవ్వరూ చదవరు. డిలీట్ ఆ తర్వాత.