ఎఫ్(ఎక్స్ − 2) గ్రాఫు కుడికి ఎందుకు జరుగుతుంది?

నీ ప్రశ్న ఇది: ఇంటర్ మొదటి సంవత్సరం, పదో తరగతి దాకా తెలుగు మీడియం. ప్రమేయాల లెక్కలు సూత్రం పెట్టి చేసేస్తున్నావు, కానీ గ్రాఫు చూపించి ప్రదేశం (ఏ ఎక్స్‌లకి విలువ ఉందో), వ్యాప్తి (ఏ వై విలువలు వస్తాయో) చెప్పమంటే ఏమీ తోచడం లేదు. ఎక్స్‌లోంచి 2 తీసేస్తే గ్రాఫు ఎడమకి పోవాలి కదా, కుడికి ఎందుకు పోతుందని అడిగావు. ఫోన్‌లో గ్రాఫులు గీసే జియోజీబ్రా యాప్ పెట్టుకుని నేర్చుకోవచ్చా అని కూడా అడిగావు. నేను పదకొండేళ్లుగా ఇంటర్ పిల్లలకి ట్యూషన్ చెబుతున్నాను. ఆ అలవాటు కొద్దీ నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

ముందు నా సంగతి. పదో తరగతిలో గ్రాఫు కాగితం మీద వై = 1/ఎక్స్ గీయమన్నారు. పట్టిక వేశాను: −3, −2, −1, తర్వాత 1, 2, 3. సున్నా దగ్గర 'నిర్వచితం కాదు' అని రాశాను, అలా రాయాలని తెలుసు కాబట్టి. చుక్కలు పెట్టాను. ఆ పైన (−1, −1) నుంచి (1, 1) దాకా స్కేలు పెట్టి గీత లాగేశాను. అది సరిగ్గా మూలబిందువు మీదుగా పోయింది. విలువే లేదని నా చేత్తో రాసిన చోటి మీదుగానే గీత పోయింది, నాకు అనుమానం కూడా రాలేదు. సారు ఎర్ర సిరాతో కొట్టేశారు, ఎందుకు తప్పో చెప్పలేదు. గ్రాఫంటే చుక్కలు పెట్టి కలపడమే అని ఇంకో ఏడాది నమ్మాను.

ఇప్పుడు నా దగ్గరికొచ్చే పిల్లల చేత ఆ లెక్కే మొదట చేయిస్తాను. 1 దగ్గర ఆగొద్దు, సున్నా వైపు ఇంకా దగ్గరికి వెళ్లమంటాను. 0.5 పెడితే 2 వస్తుంది. 0.1 పెడితే 10. 0.01 పెడితే 100. కాగితం చాలదు. అటు వైపు −0.01 పెడితే −100, పాతాళానికి పోతుంది. సున్నాకి ఒక పక్కన ఆకాశానికీ ఇంకో పక్కన పాతాళానికీ పోయే గీతని స్కేలుతో ఎలా కలుపుతావు? రెండు చుక్కల మధ్య ఏం జరుగుతోందో చూడకుండా వాటిని కలపకూడదని వాళ్లకి అక్కడ తెలుస్తుంది.

నాకు ప్రమేయం సంగతి తెలిసింది మాత్రం మునిసిపల్ కుళాయి దగ్గర. ఇంటర్ మొదటి సంవత్సరం అయిపోయిన వేసవి. మా వీధికి రోజు విడిచి రోజు నీళ్లొచ్చేవి. బిందె కింద పెట్టి నిలబడటం నా పని. కుళాయి ధార ఒకేలా పడుతున్నా నీళ్లు ఒకేలా పైకి రావు. అడుగు సన్నగా ఉంటుంది కాబట్టి మొదట చకచకా లేస్తాయి. పొట్ట దగ్గరికొచ్చేసరికి నెమ్మదిస్తాయి, ఎంతసేపు చూసినా కదలనట్టే ఉంటుంది. మెడ దగ్గర మళ్లీ ఒక్కసారిగా పైకొచ్చేస్తాయి. శబ్దం కూడా సన్నబడుతుంది. అప్పుడు కుళాయి కట్టకపోతే అమ్మ కేకేస్తుంది. ఒకరోజు పాత నోటుబుక్కు వెనక అట్ట మీద అడ్డంగా నిమిషాలు, నిలువుగా నీటి ఎత్తు పెట్టి గీసి చూశాను. గీత మొదట నిటారుగా లేచి, మధ్యలో వాలి, చివర్లో మళ్లీ నిటారైంది. ఆ గీతలో బిందె ఆకారం కనిపించింది. గ్రాఫు వెనక జరుగుతున్న పని ఒకటి ఉంటుందని నాకు మొదటిసారి అనిపించింది అప్పుడే.

ఇంకొకటి గమనించు. ఆ గీతకి నా దగ్గర సూత్రం లేదు. అయినా అది ప్రమేయమే. ఏ నిమిషం అడిగినా దానికి ఒక ఎత్తు ఉంది, ఒక్కటే ఉంది. ప్రమేయానికి సూత్రమే ఉండాలని లేదు, ప్రతి ఎక్స్‌కీ ఒకే ఒక వై ఉంటే చాలు అన్న నిర్వచనాన్ని 1837లో డిరిక్లే అనే జర్మన్ గణితవేత్త ఇచ్చాడు. పుస్తకంలో ఉండే 'నిలువు గీత పరీక్ష' కూడా ఇదే. నిలువు గీత గ్రాఫుని రెండు చోట్ల తాకితే, ఒకే నిమిషంలో నీళ్లు రెండు ఎత్తుల్లో ఉన్నట్టు. అది కుదరదు.

ఇప్పుడు నీ అసలు ప్రశ్న. బిందె 4 నిమిషాల్లో నిండుతుంది, నిండితే ఎత్తు 30 సెంటీమీటర్లు అనుకో. ఎక్స్ నిమిషాల దగ్గర ఎత్తు ఎఫ్(ఎక్స్). అంటే ఎఫ్(0) = 0, ఎఫ్(4) = 30. రేపు అదే బిందె, అదే ధార, కానీ నీళ్లు 2 నిమిషాలు ఆలస్యంగా వచ్చాయి. గడియారంలో 5వ నిమిషం దగ్గర నీళ్లు ఎంత ఎత్తున ఉంటాయి? కుళాయి వచ్చి 3 నిమిషాలే అయింది కాబట్టి, నిన్న 3వ నిమిషంలో ఉన్నంత. అంటే ఎఫ్(5 − 2). ఏ ఎక్స్ దగ్గరైనా ఎఫ్(ఎక్స్ − 2). కొత్త గ్రాఫు ఎక్కడ మొదలవుతుంది? 2 దగ్గర. ఎక్కడ నిండుతుంది? 6 దగ్గర. గీత మొత్తం 2 గళ్లు కుడికి జరిగింది. మైనస్ గుర్తు గ్రాఫుని లాగలేదు. ఇంకా 2 నిమిషాలు వెనకబడి ఉన్నామని అది చెబుతోంది. ఆలస్యమైన పని గడియారం మీద కుడి పక్కనే కదా మొదలవ్వాలి.

నమ్మకం కుదరకపోతే వై = (ఎక్స్ − 2)² తీసుకో. పరావలయం అడుగు ఎక్కడుంటుంది? బ్రాకెట్లో ఉన్నది సున్నా అయ్యే చోట. అది ఎక్స్ = 2 దగ్గర.

ఇదే బిందెని పది సెంటీమీటర్ల పీట మీద పెట్టి, ఎత్తు నేల నుంచి కొలిస్తే? నిమిషాలు మారవు, ప్రతి ఎత్తుకీ 10 కలుస్తుంది. అది ఎఫ్(ఎక్స్) + 10, గ్రాఫు మొత్తం పైకి లేస్తుంది. ధార రెట్టింపు పడితే? 2వ నిమిషానికే నిండిపోతుంది. అది ఎఫ్(2ఎక్స్), గ్రాఫు అడ్డంగా సగానికి నొక్కుకుపోతుంది. 2తో గుణించాం కాబట్టి వెడల్పవ్వాలి అని చాలామంది పొరబడేది ఇక్కడే. మా పిల్లలకి నేను చెప్పే మాట: బ్రాకెట్ లోపల చేసేది గడియారాన్ని మారుస్తుంది, బయట చేసేది కొలిచే స్కేలుని మారుస్తుంది. బయట చేసింది ఎలా కనిపిస్తుందో గ్రాఫు అలాగే నడుస్తుంది. లోపల చేసింది తిరగేసినట్టు కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ మనం అడిగే వేళ మారింది.

ఇక్కడే ఒక జాగ్రత్త. ఎఫ్(ఎక్స్ + 2) అంటే ఎఫ్(ఎక్స్) + ఎఫ్(2) అని రాసేవాళ్లు ఏటా కనీసం ఇద్దరు ముగ్గురు తగులుతారు. ఆ బ్రాకెట్ గుణకారం కాదు. 1734లో స్విస్ గణితవేత్త ఆయిలర్ ఈ రాత వాడినప్పటి నుంచీ దాని అర్థం 'ఎక్స్ దగ్గర ఎఫ్ విలువ' అనే. అనుమానమొస్తే వర్గంతో చూడు: 3 + 2 వర్గం 25, కానీ 9 + 4 అంటే 13.

ప్రదేశం, వ్యాప్తి గురించి. ఈ రెండు మాటలూ నన్ను చాలా తిప్పలు పెట్టాయి. ఇప్పుడు వాటిని నీడలుగా చూపిస్తాను. గ్రాఫు మీద నిలువుగా వెలుగు పడితే ఎక్స్ అక్షం మీద పడే నీడ ప్రదేశం. పక్కనుంచి వెలుగు పడితే వై అక్షం మీద పడే నీడ వ్యాప్తి. పెన్సిల్‌ని నిలువుగా పట్టుకుని కాగితం మీద ఎడమ నుంచి కుడికి జరుపు. గీత తగిలిన చోటల్లా ప్రదేశం. తర్వాత అడ్డంగా పట్టుకుని కింది నుంచి పైకి జరుపు, అప్పుడు తగిలినవి వ్యాప్తి. వర్గమూలం (ఎక్స్ − 3) ప్రదేశం అడిగితే అసమీకరణం రాయకముందే చెప్పగలవు: వర్గమూలం గ్రాఫు సున్నా దగ్గర పుడుతుంది, ఇది 3 ఆలస్యమైంది, కాబట్టి 3 నుంచి కుడికి.

ఒక లెక్క పూర్తిగా చేద్దాం: వై = 5 − |ఎక్స్ − 3|. పరమ మూల్యం గ్రాఫు 'వి' ఆకారం, మొన మూలబిందువు దగ్గర. లోపల −3 ఉంది కాబట్టి మొన 3 దగ్గరికి జరిగింది. బయట మైనస్ ఉంది కాబట్టి తలకిందులై ఇంటి కప్పులా అయింది. 5 కలిసింది కాబట్టి పైకి లేచింది. కప్పు కొప్పు (3, 5) దగ్గర. వ్యాప్తి: 5, ఆ కింద అన్నీ. ఎక్స్ అక్షాన్ని ఎక్కడ తాకుతుంది? కొప్పు నుంచి 5 దిగాలి, వాలు ఒకటి కాబట్టి రెండు వైపులా 5 గళ్లు పోవాలి: −2, 8. ఇప్పుడు |ఎక్స్ − 3| < 5 సాధించమని ఎవరైనా అడిగితే, కప్పు అక్షానికి పైన ఉన్న భాగమే జవాబు, −2కీ 8కీ మధ్య. రెండు సందర్భాలు విడదీసి అర పేజీ రాసే లెక్క ఇది. ఎంసెట్ బిట్లలో ఇలాంటివి గీసి చూసినవాళ్లకి ఎంత సమయం మిగులుతుందో నేను కళ్లారా చూశాను.

విలోమ ప్రమేయం కూడా కుళాయి దగ్గరే ఉంది. ప్రశ్నని తిరగేయి: నీళ్లు 20 సెంటీమీటర్లకి ఎప్పుడొచ్చాయి? బిందె నిండేదాకా ప్రతి ఎత్తుకీ ఒకే నిమిషం ఉంది, జవాబు దొరుకుతుంది. నిండి పొర్లుతుంటే? 30 దగ్గర 4వ నిమిషమూ ఉంది, 5వదీ ఉంది, 10వదీ ఉంది. ఏది చెబుతావు? అక్కడ విలోమం తెగిపోతుంది. అన్వేకం (ఒక్కో వై విలువకి ఒకే ఎక్స్) కాకపోతే విలోమం లేదు అని పుస్తకం చెప్పేది దీన్నే. ఎక్స్²కీ అదే గతి, 9 వచ్చిందంటే 3 అయినా కావచ్చు, −3 అయినా కావచ్చు. అందుకే కుడి సగం మాత్రం ఉంచుకుని దాని విలోమాన్ని వర్గమూలం అంటున్నాం. సంవర్గమానమూ (లాగ్) ఇలాంటి తిరగేసిన ప్రశ్నే: 1024 రావాలంటే 2ని ఎన్నిసార్లు గుణించాలి? పది. పలచటి కాగితం మీద 2 ఘాతం ఎక్స్ గీసి, వై = ఎక్స్ గీత మీద మడిచి కిటికీ వెలుగుకి పట్టుకో, సంవర్గమానం గ్రాఫు అవతలి పక్క కనిపిస్తుంది.

చేతికి అలవాటు కావలసిన గ్రాఫులు ఎక్కువ లేవు: ఎక్స్, ఎక్స్², ఎక్స్³, పరమ మూల్యం, 1/ఎక్స్, వర్గమూలం, 2 ఘాతం ఎక్స్, సంవర్గమానం, సైన్. రోజుకొకటి పట్టిక లేకుండా గీయి. మరుసటి రోజు దాన్నే జరుపు, తిప్పు, సాగదీయి. పదిహేను రోజులు చాలు.

జియోజీబ్రా తప్పకుండా పెట్టుకో, ఉచితంగానే వస్తుంది. ఎఫ్(ఎక్స్ − ఎ) అని ఇచ్చి స్లయిడర్ మీద ఎ ని జరుపుతుంటే గ్రాఫు కదలడం చూడటం చాలా బాగుంటుంది. అయితే ముందు కాగితం మీద నీ ఊహ గీసుకో, ఆ తర్వాతే ఫోన్ తియ్యి. ఇంకొకటి, (ఎక్స్² − 4)/(ఎక్స్ − 2) అని ఇచ్చి చూడు. తెరమీద నిక్షేపంలాంటి సరళరేఖ వస్తుంది, వై = ఎక్స్ + 2 లాగే. కానీ ఎక్స్ = 2 దగ్గర హారం సున్నా, అక్కడ విలువ లేదు. తెర మీద ఆ ఖాళీ మామూలుగా కంటికి ఆనదు. కాగితం మీద (2, 4) దగ్గర చిన్న ఖాళీ సున్న నువ్వే చుట్టాలి.