ఆండ్రాయిడా, ఐఓఎస్సా: ముందు చూడవలసింది అప్‌డేట్ల గడువు

ప్రశ్న: నేను ఆండ్రాయిడ్ ఫోన్ వాడుతున్నాను. కొత్త ఫోన్ తీసుకోవాలని ఫీచర్లు పోల్చి చూస్తే, ఆండ్రాయిడ్‌లో ఉన్నదే ఐఫోన్ల ఆపరేటింగ్ సిస్టమైన ఐఓఎస్‌లోనూ కనిపిస్తోంది. భద్రత, స్వేచ్ఛ అంటూ ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు. దేన్ని బట్టి నిర్ణయించుకోవాలి?

జవాబు: మీరు గమనించింది నిజమే. యాప్ తెరవకుండానే దానిలోని సమాచారాన్ని హోమ్ స్క్రీన్ మీద చూపించే విడ్జెట్లు ఆండ్రాయిడ్‌కు 2009లోనే రాగా, ఐఓఎస్‌కు 2020లో వచ్చాయి. యాప్ ఏదైనా కెమెరానో మైకునో వాడుతున్నప్పుడు తెర పైభాగాన వెలిగే చిన్న చుక్క 2020లో ఐఓఎస్ 14లో మొదలై, మరుసటి ఏడాది ఆండ్రాయిడ్ 12కు చేరింది. కాబట్టి ఫీచర్ల పట్టికను పక్కన పెట్టి, అప్‌డేట్ల సంగతి ముందు చూడమని నా సలహా.

అవి ఎంత ముఖ్యమో మన తెలుగు అక్షరమే ఒకసారి చూపించింది. 2018 ఫిబ్రవరిలో ఐఓఎస్ 11లో ఒక లోపం బయటపడింది. ‘జ్ఞా’ అనే అక్షరం ఒక ప్రత్యేకమైన కోడ్ వరుసలో సందేశంగా వస్తే, దాన్ని తెరపై చూపించబోయి యాప్ మూతపడిపోయేది. ఆ సందేశం అక్కడే ఉంటుంది కనుక మళ్లీ తెరిచినా అదే పరిస్థితి. ఆపిల్ అదే నెలలో 11.2.6 విడుదల చేసి దాన్ని సరిదిద్దింది. ఫోనూ ఆపరేటింగ్ సిస్టమూ ఒకే సంస్థవి కావడంతో, ఐఓఎస్ 11 నడిచే ఐఫోన్లన్నిటికీ ఆ దిద్దుబాటు నేరుగా అందింది. ఆండ్రాయిడ్‌లో దారి ఇంత సూటిగా ఉండదు. గూగుల్ ఇచ్చిన దిద్దుబాటును ఫోన్ తయారీ సంస్థ తన మోడల్‌కు తగినట్టు మలచి, పరీక్షించి, ఆ తర్వాతే పంపుతుంది. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి కొన్ని భాగాలు గూగుల్ ప్లే ద్వారానే అప్‌డేట్ అవుతున్నా, మిగిలినవాటికి తయారీ సంస్థ మీదే ఆధారపడాలి. మీ ఫోన్ సెట్టింగ్స్‌లో ‘అబౌట్ ఫోన్’ తెరిచి ఆండ్రాయిడ్ వెర్షన్ మీద నొక్కితే, చివరి సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ సాధారణంగా అక్కడే ఉంటుంది. ఆ తేదీ చాలా నెలల వెనకే ఆగిపోయి ఉంటే, ఆ ఫోన్‌లో బ్యాంకు లావాదేవీలు చేయడం నాకు ఆందోళన కలిగించే విషయం.

ఇక స్వేచ్ఛ మాట. యాప్ స్టోర్ బయటి నుంచి యాప్‌లు తెచ్చుకునే వీలు ఆండ్రాయిడ్‌లో ఎప్పటి నుంచో ఉంది. హానికరమైన యాప్‌లు చొరబడే దారుల్లో అదీ ఒకటి. ఆ అవసరం మీకు లేకపోతే, ఐఓఎస్‌లో మీరు కోల్పోయేది కొంచెమే. గోప్యత విషయంలో మాత్రం తేడా గట్టిదే: 2021లో వచ్చిన ఐఓఎస్ 14.5 నుంచి, ఇతర యాప్‌లలో మీ కదలికలను గమనించాలంటే యాప్ ముందుగా మీ అనుమతి అడగాలి. ఆండ్రాయిడ్‌లో ప్రకటనల ఐడీని (ప్రకటనల కోసం మీ ఫోన్‌ను గుర్తుపట్టే సంఖ్యను) తొలగించే వీలున్నా, సెట్టింగ్స్‌లోకి వెళ్లి మీరే ఆ పని చేసుకోవాలి.

ఆండ్రాయిడ్‌లోనే కొనసాగదలిస్తే మోడల్ ఎంపికలో జాగ్రత్త పడండి. గూగుల్ పిక్సెల్ 8, శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్24 వంటివాటికి 7 ఏళ్ల అప్‌డేట్లు ప్రకటించారు. అన్ని మోడళ్లకూ అంత గడువు లేదు. పైగా పిక్సెల్ 8 విషయంలో ఆ 7 ఏళ్లను మీరు కొన్న రోజు నుంచి కాక, ఆ మోడల్ అమ్మకానికి వచ్చిన 2023 అక్టోబర్ నుంచి లెక్కిస్తారు. దాన్ని ఎప్పుడు కొన్నా గడువు 2030 అక్టోబర్‌తోనే తీరిపోతుంది.