డిలీట్, రిమూవ్, క్లియర్, ఎరేజ్: ఏది నొక్కితే ఏం పోతుంది?

ప్రశ్న: పాత ఆండ్రాయిడ్ ఫోన్‌ని అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో అమ్మేద్దామనుకుంటున్నాను. అందులో ఒకచోట డిలీట్, ఒకచోట రిమూవ్, ఇంకోచోట క్లియర్, సెట్టింగ్స్ చివర్లో ఎరేజ్ అని ఉన్నాయి. డిక్షనరీలో చూస్తే అన్నీ పర్యాయపదాలే. ఏది నొక్కాలండీ?
– ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: డిక్షనరీని నమ్ముకుంటే ఇక్కడ దెబ్బతింటారు. ఫోన్‌లో ఒక్కో మాటకు ఒక్కో పని. పోయేది ఏమిటి, ఎక్కడి నుంచి పోతుంది అన్న రెండూ చూసుకోవాలి.

ముందుగా ఫొటోలు. అమ్మేముందు గూగుల్ ఫొటోస్ తెరిచి అన్నీ సెలెక్ట్ చేసి డిలీట్ కొట్టేవాళ్లు చాలామంది. బ్యాకప్ ఆన్‌లో ఉంటే అవి ఫోన్‌తోపాటు మీ గూగుల్ ఖాతాలోంచీ పోతాయి. కొత్త ఫోన్‌లో వెతికితే ఏమీ ఉండదు. బ్యాకప్ అయినవి ట్రాష్‌లో 60 రోజులు, కానివి 30 రోజులు ఉంటాయి. ఆలోపు గుర్తొస్తే రీస్టోర్ చేసుకోవచ్చు. ఫోన్‌లో జాగా మాత్రమే కావాలంటే ప్రొఫైల్ బొమ్మ మీద నొక్కి ‘ఫ్రీ అప్ స్పేస్’ ఎంచుకోండి. అది ఫోన్‌లోని కాపీని తీసేసి, ఆన్‌లైన్ కాపీని అలాగే ఉంచుతుంది. అసలు అమ్మే ఫోన్‌లో ఒక్కో ఫొటోను తుడుస్తూ కూర్చోవడమే దండగ, ఎలాగూ చివర్లో మొత్తం ఎరేజ్ చేస్తారు.

యాప్‌ల సంగతి. ‘క్లియర్ క్యాష్’ తాత్కాలిక ఫైళ్లనే తీస్తుంది, నష్టం లేదు. దాని పక్కనే ఉండే ‘క్లియర్ స్టోరేజ్’ (కొన్ని ఫోన్లలో ‘క్లియర్ డేటా’) నొక్కితే లాగిన్, సెట్టింగ్స్ అన్నీ పోయి యాప్ అప్పుడే ఇన్‌స్టాల్ చేసినట్టు తయారవుతుంది. ‘అన్‌ఇన్‌స్టాల్’ అంటే యాప్ పోతుంది, ఖాతా పోదు. యూపీఐ యాప్ తీసేసినా మీరు పెట్టుకున్న ఆటోపే ఆగదు, నెలనెలా డబ్బు కట్ అవుతూనే ఉంటుంది. ఆపాలంటే ముందే యాప్‌లోకి వెళ్లి మ్యాండేట్ (ఆటోపేకి మీరిచ్చిన అనుమతి) రద్దు చేయాలి.

ఇక ‘రిమూవ్ అకౌంట్’. పేరు చూసి జీమెయిల్ పోతుందేమోనని భయపడతారు గానీ, అది ఆ ఫోన్‌తో ఖాతాకున్న లంకెను మాత్రమే తెంపుతుంది. మెయిళ్లు, గూగుల్‌లో సేవ్ అయిన కాంటాక్టులు భద్రంగానే ఉంటాయి. భయపడాల్సింది గూగుల్ ఖాతా సెట్టింగ్స్‌లో ఉండే ‘డిలీట్ యువర్ గూగుల్ అకౌంట్’కి. దాని జోలికి వెళ్లకండి.

అమ్మేటప్పుడు వరస ఇదీ: ఫొటోస్‌లో బ్యాకప్ పూర్తయిందని చూసుకోండి. వాట్సాప్‌లో సెట్టింగ్స్, చాట్స్, చాట్ బ్యాకప్‌లోకి వెళ్లి బ్యాకప్ తీయండి. ఓటీపీ కోడ్‌లిచ్చే ఆథెంటికేటర్ యాప్ ఉంటే దాన్ని కొత్త ఫోన్‌లోకి మార్చాకే ముందుకెళ్లండి, ఇది మరిచిపోయి తమ ఖాతాల బయట తామే నిలబడేవాళ్లు తక్కువేం కాదు. సిమ్, మెమరీ కార్డ్ తీసేయండి. చాలా ఫోన్లలో రీసెట్ చేసినా మెమరీ కార్డ్ చెరగదు. తర్వాత సెట్టింగ్స్‌లో గూగుల్ ఖాతాను, శాంసంగ్ అయితే శాంసంగ్ ఖాతాను కూడా రిమూవ్ చేయండి. చివరగా సెట్టింగ్స్, సిస్టమ్, రీసెట్ ఆప్షన్స్‌లో ‘ఎరేజ్ ఆల్ డేటా’. శాంసంగ్‌లో ఇది జనరల్ మేనేజ్‌మెంట్, రీసెట్ కింద ఉంటుంది.

ఖాతా రిమూవ్ చేయకుండా, షాపులో పవర్, వాల్యూమ్ బటన్లు కలిపి నొక్కించి రీసెట్ చేయిస్తే ఫోన్ తెరుచుకోగానే పాత ఖాతా పాస్‌వర్డ్ అడుగుతుంది. దొంగల కోసం ఆండ్రాయిడ్ 5.1 నుంచి పెట్టిన తాళం అది. కొన్నాయన మర్నాడు మీకే ఫోన్ చేసి పాస్‌వర్డ్ చెప్పమంటాడు. చెప్పకండి, ఫోన్ తెప్పించుకుని మీ చేతులతోనే తీసివ్వండి.

ప్రశ్న: పెన్‌డ్రైవ్‌లో పొరపాటున ఒక ఫోల్డర్ డిలీట్ చేశాను. రీసైకిల్ బిన్‌లో లేదు. తిరిగొస్తుందా?
– ఒక పాఠకుడు, మెహిదీపట్నం

జవాబు: పెన్‌డ్రైవ్‌లో డిలీట్ చేసినవి మామూలుగా రీసైకిల్ బిన్‌కి వెళ్లవు. హార్డ్‌డిస్క్‌లో షిఫ్ట్ పట్టుకుని డిలీట్ కొట్టినా అంతే. అయితే డిలీట్ అంటే ఆ జాగా ఖాళీ అని రాసుకోవడమే, పైన వేరేది పడేదాకా పాత సమాచారం అక్కడే ఉంటుంది. కాబట్టి ఆ పెన్‌డ్రైవ్‌లో ఇంకేమీ కాపీ చేయకుండా తీసి పక్కన పెట్టండి. విండోస్ 10 వెర్షన్ 2004 (ఇది సంవత్సరం కాదు, వెర్షన్ నంబరు) లేదా ఆ తర్వాతిది ఉంటే మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో విండోస్ ఫైల్ రికవరీ ఉచితం, కాకపోతే కమాండ్లు టైప్ చేయాలి. అది కష్టమనుకుంటే రెకువా అనే రికవరీ సాఫ్ట్‌వేర్ వాడండి. దొరికిన ఫైళ్లను అదే పెన్‌డ్రైవ్‌లో కాకుండా కంప్యూటర్‌లో సేవ్ చేయాలి.

అదే పెన్‌డ్రైవ్‌ను రేపు ఎవరికైనా ఇచ్చేయాలనుకుంటే ‘క్విక్ ఫార్మాట్’ చాలదు, అదీ పైపైనే. ఫార్మాట్ విండోలో ఆ టిక్ తీసేసి చేస్తే విండోస్ విస్టా, ఆ తర్వాతి వెర్షన్లు పెన్‌డ్రైవ్ అంతటా సున్నాలు రాస్తాయి. పెద్ద డ్రైవ్ అయితే గంటలు పట్టొచ్చు.

ప్రశ్న: వాట్సాప్‌లో ‘క్లియర్ చాట్’కీ ‘డిలీట్ చాట్’కీ తేడా?

జవాబు: క్లియర్ చేస్తే మెసేజ్‌లు పోయి పేరు జాబితాలో మిగులుతుంది, డిలీట్‌తో పేరూ పోతుంది. రెండింటిలోనూ అవతలివాళ్ల ఫోన్‌లో ఏమీ చెరగదు. అక్కడా చెరగాలంటే మెసేజ్ మీద నొక్కిపట్టి ‘డిలీట్ ఫర్ ఎవ్రీవన్’ ఎంచుకోవాలి, అదీ పంపిన రెండు రోజుల చిల్లర లోపే.