గ్రాంటు అయిపోయాక డ్రగ్ కోర్టుకు మన పన్ను సొమ్ము ఎందుకు?

మీ కౌంటీలో మాదకద్రవ్యాల చికిత్స కోర్టు ఇన్నాళ్లూ ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) గ్రాంటుతో నడిచిందని, ఇప్పుడు కమిషనర్లు దానికి బడ్జెట్ నుంచి డబ్బు ఇస్తామంటున్నారని, ఆ భారం మనమెందుకు మోయాలని అడిగారు. ఒహాయో రాష్ట్రంలోనే మరో కౌంటీలో ఇలాంటి కోర్టుకు ఆరేళ్లు గ్రాంటు లెక్కలు రాశాను. వ్యసనం గురించి నాకు తెలిసింది తక్కువ. ఏ బిల్లు ఎవరి నెత్తిన పడుతుందో మాత్రం బాగా తెలుసు.

ఈ కోర్టు కోసం కొత్త భవనమేమీ కట్టరు. మా దగ్గర ఉన్న జడ్జే వారానికి ఒక పూట ఈ కేసులు చూసేవారు. 1989లో మయామీలో తొలి డ్రగ్ కోర్టు మొదలైనప్పటి ఆలోచనే ఇది: జైలుకు బదులు చికిత్స, తరచూ మూత్ర పరీక్షలు, జడ్జి ముందు హాజరు.

చికిత్స ఖర్చులో చాలా భాగం కౌంటీది కాదు. పేదలకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా మెడికెయిడ్‌ను ఒహాయో 2014లో విస్తరించింది. మా కోర్టుకు వచ్చేవారిలో ఎక్కువమంది పేదవాళ్లే కనుక కౌన్సెలింగుకు, వ్యసనం మాన్పించే బుప్రెనార్ఫిన్ వంటి మందులకు అదే చెల్లించేది. అదే మనిషి జైలులో ఉంటే, ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చినప్పుడు తప్ప, మెడికెయిడ్ పైసా ఇవ్వదు. పంటినొప్పి మాత్ర కూడా కౌంటీ ఖాతాలోనే.

అలాగని ‘ఒక డాలరు పెడితే ఇన్ని డాలర్లు మిగులుతాయి’ అనే కరపత్రాలను నేను పెద్దగా నమ్మను. ఇరవై మంది ఖైదీలు తగ్గితే కాపలావాళ్ల జీతాలు తగ్గవు, కరెంటు బిల్లూ తగ్గదు. జైలులో ఒక విభాగాన్నే మూసేస్తే తప్ప, మిగిలేది తిండి ఖర్చు, మందుల ఖర్చు. ఈ మాట ఒక సమావేశంలో అన్నందుకు మా వాళ్లే నన్ను గుర్రుగా చూశారు.

అసలు చిక్కు చిన్న ఖర్చుల దగ్గర ఉంది. కోఆర్డినేటర్ జీతం, కోర్టు అడిగే మూత్ర పరీక్షలు, విచారణకు రావడానికి బస్సు పాసులు. వీటిని మెడికెయిడ్ భరించదు. ఫెడరల్ న్యాయశాఖ గ్రాంటు వీటికే పనికొచ్చేది. మాకు వచ్చింది నాలుగేళ్ల గ్రాంటు. మొత్తం ఖర్చులో నాలుగోవంతు మా వాటాగా చూపాలి కాబట్టి ప్రొబేషన్ అధికారుల (శిక్ష బదులు బయట ఉన్నవారిపై నిఘా ఉంచేవాళ్ల) పనిగంటలను చూపేవాళ్లం. ఆ పనిగంటల పట్టీల మీద సంతకాల కోసం నా చెప్పులు అరిగిపోయాయి.

మూడో ఏడాది చివర్లో మా కోఆర్డినేటర్ వెళ్లిపోయింది. తర్వాతి ఏడాది తన ఉద్యోగం ఉంటుందో లేదో ఎవరూ చెప్పలేకపోయారు. ఇద్దరు పిల్లల తల్లి ఎంతకాలం ఎదురుచూస్తుంది? నాలుగు నెలలు ఆ కుర్చీ ఖాళీ. ఈలోగా పరీక్షల డబ్బు తరిగిపోయి, ఆ రుసుము వచ్చినవాళ్లనే కట్టమన్నారు. హోటల్లో గిన్నెలు కడిగే ఒకతను చేతిలో డబ్బు లేక పరీక్షకు రాలేదు. రాకపోతే మత్తు తీసుకున్నట్టే లెక్క. తొమ్మిది నెలలు శుభ్రంగా ఉన్న మనిషి వారాంతమంతా జైలులో గడిపాడు. ఆ పరీక్ష ఖరీదు నా పుస్తకంలో ఉంది. జైలుకు రాసిన బిల్లు దానికి ఎన్నో రెట్లు.

మీ కౌంటీకి ఓపియాయిడ్ (వ్యసనానికి దారితీసే నొప్పి మందుల) కంపెనీలు దావాల రాజీలో ఇచ్చే పరిహారంలో కూడా వాటా వస్తుంది. ఒహాయోకు వచ్చే సొమ్ములో 30 శాతం స్థానిక ప్రభుత్వాలది. దాన్ని ఇలాంటి కోర్టులకు వాడుకోవచ్చు. ఆ మందులను పంపిణీ చేసిన కంపెనీలు 18 ఏళ్లపాటు చెల్లిస్తాయి, కానీ అదీ ఒకనాటికి ఆగేదే. పరీక్షలకు, బస్సు పాసులకు ఆ సొమ్ము వాడటం నాకు సమ్మతమే. కోఆర్డినేటర్ జీతం మాత్రం దాని మీద ఆధారపడకూడదు.

బడ్జెట్ విచారణకు వెళ్తే, ‘ఎంత ఆదా?’ అని అడగకండి. కోఆర్డినేటర్ జీతం ఏ పద్దులో ఉందో, పరీక్షల రుసుము ఎవరు కడతారో అడగండి. మా దగ్గర ఆ జీతం కౌంటీ సాధారణ నిధిలోకి రావడానికి మరో రెండేళ్లు పట్టింది. ఈలోగా ఇంకో ఇద్దరు కోఆర్డినేటర్లు మారారు.