ఇయర్‌ఫోన్స్ జగదాంబలో కొననా, జర్మనీలో కొననా?

ప్రశ్న: అక్కా, మాది విశాఖలో మద్దిలపాలెం. అక్టోబరులో మ్యూనిక్‌లో ఎమ్మెస్ మొదలవుతుంది. పాటలు లేకపోతే నాకు చదువు సాగదు. ఏ ఇయర్‌ఫోన్స్ కొన్నా కొన్ని నెలలకే ఒక చెవి మూగబోతోంది. రెండు వేల లోపు గట్టివి దొరుకుతాయా? ఇక్కడే కొనుక్కోనా, అక్కడికొచ్చాక చూసుకోనా?

జవాబు: తమ్ముడూ, వైర్ ఉన్నవైతే విశాఖలోనే కొనుక్కుని రా. వైర్‌లెస్ కావాలంటే మాత్రం ఇక్కడికి వచ్చాకే తీసుకో. మన దగ్గర కొన్న బడ్స్‌కి వారంటీ చాలావరకు ఇండియాలోనే చెల్లుతుంది. ఇక్కడి నుంచి పార్సిల్ చేసి బాగు చేయించుకునే ఖర్చుకి కొత్తవే వస్తాయి. జర్మనీలో కొత్త వస్తువు కొంటే, దాన్లో లోపం ఉంటే రెండేళ్ల వరకు అమ్మిన షాపుదే బాధ్యత. మొదటి ఏడాదిలో పాడైతే, అమ్మినప్పుడు బాగానే ఉందని నిరూపించాల్సింది కూడా షాపువాడే. 2022 నుంచి రూలు ఇదే. బిల్లు మాత్రం పారేయకు.

నీ బడ్జెట్‌కి నేనైతే వైర్ ఉన్నవే కొనమంటాను. బడ్స్‌లో బ్యాటరీ గోరంత. రోజూ గంటల తరబడి వాడితే రెండు మూడేళ్లకి దాని పని అయిపోతుంది, తీసి వేరేది వేయించడం దాదాపు కుదరదు. పైగా ఇక్కడ జనవరిలో మైనస్ డిగ్రీలుంటాయి. చలికి లిథియం బ్యాటరీ తొందరగా దిగిపోతుంది. ట్రామ్ కోసం నిలబడ్డ చోటే బడ్స్ ఆగిపోయాయని ప్రతి శీతాకాలం కొత్తగా వచ్చిన పిల్లలెవరో ఒకరు అంటూనే ఉంటారు.

ఇంకొకటి ఎవరూ చెప్పరు. బ్లూటూత్‌లో పాట బాగానే వినిపిస్తుంది, అదే ఇంటికి వాట్సాప్ కాల్ చేస్తే గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. నెట్‌ని తిట్టుకుంటాం గానీ తప్పు దానిది కాకపోవచ్చు. మైక్ ఆన్ కాగానే చాలా బడ్స్ తక్కువ క్వాలిటీ ఉన్న కాల్ మోడ్‌లోకి మారిపోతాయి. వైర్‌కి ఆ గొడవ లేదు. రోజూ అమ్మతో మాట్లాడేవాడివి, కాబట్టి మైక్ ఉన్న రకమే అడుగు.

ఇక చెవి మూగబోవడం సంగతి. లోపల స్పీకర్ పాడవడం తక్కువ. చాలాసార్లు జాక్ దగ్గర మడతపడి వైర్ లోపల తెగుతుంది, లేదా గుమిలి వెళ్లి జాలీకి అడ్డుపడుతుంది. రెండోదానికి సిలికాన్ టిప్ తీసి సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టి, జాలీని కిందికి వంచి మెత్తటి పాత బ్రష్‌తో తుడిస్తే సరి. మొదటిదానికి మందు ఒకటే, ఊడదీసి మార్చుకునే వైర్ ఉన్నవి కొనడం. 'టూ పిన్, 0.78' (వైర్ చివరి రెండు పిన్నుల సైజు, మిల్లీమీటర్లలో) అని పెట్టె మీద ఉంటే వైర్ ఒక్కటే విడిగా దొరుకుతుంది. మూన్‌డ్రాప్ చూ 2, సెవెన్ హెర్ట్జ్ సాల్నోట్స్ జీరో ఇలాంటివే, రెండూ 20 డాలర్ల తరగతివి. మొదటి చూ మోడల్ మాత్రం వద్దు, దాని వైర్ ఊడదు. షాపులో లేకపోతే ఆన్‌లైన్‌లో తెప్పించుకో. జగదాంబ సెంటర్లో ఫుట్‌పాత్ మీద పెద్ద బ్రాండు పేరుతో మూడొందలకి ఇచ్చేది ఆ బ్రాండుది కాదని నీకు వేరే చెప్పక్కర్లేదు.

బీచ్ రోడ్డులో ఉప్పుగాలికి కిటికీ గ్రిల్ ఏమవుతుందో చూస్తూనే ఉన్నావు. ఆ గాలీ, చెమటా జాక్‌కీ మంచివి కావు. ఇంటికి రాగానే పొడిగుడ్డతో తుడిచి, కొత్త చెప్పుల పెట్టెలో వచ్చే సిలికా జెల్ పొట్లంతో పాటు డబ్బాలో పెట్టుకో. ఫోన్‌కి చుట్టబెట్టకు.

ఫోన్‌కి గుండ్రటి జాక్ లేకపోతే టైప్ సి కనెక్టర్ కావాలి. అందులో 'డాక్' (ఫోన్‌లోని డిజిటల్ పాటని చెవికి వినపడే శబ్దంగా మార్చే చిన్న చిప్, DAC) ఉందో లేదో చూసుకో. డాక్ లేని చవకవి కొన్ని ఫోన్లకి అసలు పనిచేయవు.

సౌండ్ బాగుండాలంటే డబ్బు కంటే ముందు టిప్ సైజు. బేస్ లేదని గోలపెట్టేవాళ్లలో చాలామందికి టిప్ చెవికి సరిగ్గా పట్టదు, బేస్ ఆ సందులోంచే పోతుంది. పెట్టెలో ఉన్న మూడు సైజులూ పెట్టి చూడు. రెండు చెవులకి రెండు సైజులైనా తప్పు లేదు. తర్వాత యాప్ సెట్టింగ్స్. స్పాటిఫైలో ఫ్రీ అకౌంట్‌కి గరిష్ఠం 160 కేబీపీఎస్ (సెకనుకి వచ్చే పాట డేటా, ఎక్కువైతే క్వాలిటీ మేలు), ప్రీమియంలో ప్లాన్‌ని బట్టి అంతకంటే ఎక్కువ వస్తుంది. డబ్బు కట్టి కూడా క్వాలిటీని 'ఆటోమేటిక్'లో వదిలేసేవాళ్లే ఎక్కువ. మామూలు బ్లూటూత్ బడ్స్‌తో వింటూ లాస్‌లెస్ (పాటలో ఏదీ పోకుండా ఇచ్చే క్వాలిటీ) కోసం తాపత్రయపడటం దండగ, దారిలోనే పాట మళ్లీ కుదించుకుపోతుంది.

నీ వయసువాళ్లు ఏం వింటారో గానీ, నాన్నగారి కోసం ఘంటసాల పాటలు పెట్టేటప్పుడు ఫోన్‌లో సరౌండ్, డాల్బీ లాంటివి ఆఫ్ చెయ్యి. అవి ఎక్కువగా మోనో రికార్డింగులు, రెండు చెవుల్లోనూ ఒకే శబ్దం ఉండాలి. సరౌండ్ ఆన్ చేస్తే గొంతు గుహలో పాడినట్టవుతుంది. బేస్ బూస్ట్ కూడా వాటికి పడదు.

వాల్యూమ్ విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క పెద్దవాళ్లకి 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు. అంతకంటే గట్టిగా పెడితే గంటలు గబగబా తగ్గించుకోవాలి. యూరప్‌లో అమ్మే ఫోన్లలో కొంత దాటాక హెచ్చరిక వస్తుంది, విసుగ్గా 'ఓకే' కొట్టేయకు. ఇక్కడి రైళ్లలో జనం నిశ్శబ్దంగా కూర్చుంటారు, నీ పాట పక్కవాడికి వినబడితే ఒక చూపు చూస్తారు.

ఇయర్‌ఫోన్స్, కనెక్టర్ క్యాబిన్ బ్యాగులో పెట్టుకో. పవర్ బ్యాంక్ ఉంటే అది కూడా అందులోనే, చెక్ ఇన్ సూట్‌కేసులో పెడితే ఒప్పుకోరు. ఒక స్పేర్ వైర్ కూడా వేసుకుని రా.