కొత్త పిస్టల్ పదేపదే జామ్ అవుతోంది, ఎవరిని అడగాలి?

ప్రశ్న: లాయర్ గారూ, టెక్సస్‌లో డాలస్ దగ్గర చిన్న గ్యాస్ స్టేషన్ నడుపుతున్నాను. గ్రీన్ కార్డు ఉంది. స్టోర్‌లో ఒకసారి దోపిడీ జరిగాక, చొక్కా కింద నడుముకు పెట్టుకునే చిన్న 9 ఎం.ఎం. పిస్టల్ కొన్నాను. కాల్పులు సాధన చేసే రేంజ్‌కి వెళ్లిన ప్రతిసారీ జామ్ అవుతోంది. పేలిన తూటా ఖాళీ కేసు బయట పడకుండా, పైన వెనక్కీ ముందుకీ జరిగే స్లయిడ్‌లో ఇరుక్కుంటుంది. ఒక్కోసారి కొత్త తూటా చాంబర్‌లోకి ఎక్కదు. కొన్న షాపువాళ్లు తుపాకులు వెనక్కి తీసుకోం అన్నారు. కంపెనీకి పంపితే అంతా సరిగ్గానే ఉంది, తూటాల బ్రాండ్ మార్చి చూడండి అని తిప్పి పంపారు. ఇదే మోడల్ కొన్న చాలామంది ఇంటర్నెట్‌లో ఇదే గోడు వెళ్లబోసుకుంటున్నారు. నా డబ్బు వెనక్కి వస్తుందా? రేపు అది దానంతట అదే పేలి ఎవరికైనా తగిలితే బాధ్యత ఎవరిది? రాత్రిళ్లు కౌంటర్‌లో మా బావమరిది ఉంటాడు. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద వచ్చి, ఇప్పుడు చదువుకు సంబంధించిన ఉద్యోగం తాత్కాలికంగా చేసుకోనిచ్చే ఓపీటీలో ఉన్నాడు. పిస్టల్‌ను కౌంటర్ కింద వాడికి అందేలా పెడుతున్నాను. అవసరానికి అది పనిచేయకపోతే వాడి గతేమిటన్నదే నా దిగులు.

జవాబు: మీ దిగులు మీ బావమరిది గురించే కాబట్టి అక్కడే మొదలుపెడతాను. ఆ పిస్టల్ జామ్ అయినా, బ్రహ్మాండంగా పనిచేసినా అతనికి ప్రమాదమే. ఈ రాత్రే దాన్ని కౌంటర్ కింద నుంచి తీసేయండి.

అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నాన్‌ఇమిగ్రెంట్, అంటే తాత్కాలిక వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ, తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదు. ఎఫ్-1, హెచ్-1బి, హెచ్-4, ఎల్-1, చూడ్డానికి వచ్చిన అమ్మానాన్నల బి-2, అన్నీ ఇందులోకే వస్తాయి. దగ్గర ఉంచుకోవడం అంటే చేత్తో పట్టుకోవడమే కానక్కర్లేదు. అక్కడ ఉందని తెలిసి, కావాలనుకుంటే తీసుకోగల స్థితిలో, తీసుకునే ఉద్దేశంతో ఉంటే చాలు. మీరు అతని కోసమే అందేలా పెట్టానంటున్నారు. ప్రాసిక్యూటర్ రుజువు చేయాల్సింది దాదాపు మీ ఉత్తరంలోనే ఉంది. అర్హత లేదని తెలిసిన మనిషికి తుపాకీ అందించడం మీ వైపు నుంచి వేరే నేరం. 2022లో వచ్చిన సవరణ తర్వాత ఈ రెండు నేరాలకూ గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు.

జైలుతోనే పోదు. తుపాకీ నేరంలో శిక్ష పడితే గ్రీన్ కార్డు ఉన్నవాళ్లను కూడా దేశం నుంచి పంపేయవచ్చు. అంటే ఆ కౌంటర్ కింది సొరుగులో మీ కుటుంబంలో ఇద్దరి భవిష్యత్తు ఉంది.

2019లో అమెరికా సుప్రీంకోర్టు రెహైఫ్ కేసులో తీర్పిచ్చింది. స్టూడెంట్ వీసా మీద ఫ్లోరిడాకు వచ్చిన యువకుడు చదువులో వెనకబడితే యూనివర్సిటీ తీసేసింది, స్టేటస్ పోయింది. తర్వాత అతను రేంజ్‌కి వెళ్లి తుపాకీ కాల్చాడు, అది ఫెడరల్ కేసు అయింది. తుపాకీ పట్టుకున్నట్టు తెలిస్తే చాలదు, తనకు చట్టబద్ధమైన స్టేటస్ లేదని కూడా అతనికి తెలుసునని ప్రభుత్వం రుజువు చేయాలని కోర్టు చెప్పింది. ఈ తీర్పు చూసి ధైర్యపడకండి. తాను ఎఫ్-1 మీద ఉన్నానని మీ బావమరిదికి తెలియదని ఎవరు నమ్ముతారు?

హంటింగ్ లైసెన్స్ తీసుకుంటే చాలని మనవాళ్లు ఒకరికొకరు చెప్పుకుంటుంటారు. చట్టంలో ఆ మినహాయింపు నిజంగానే ఉంది. అమెరికాలో ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్ ఉంటే నాన్‌ఇమిగ్రెంట్లకు ఈ నిషేధం వర్తించదు. కానీ స్టేటస్ ఒక్కరోజు తప్పినా ఆ లైసెన్స్ కాపాడదు. పైగా ఓపీటీలో ఉన్న కుర్రాడు చేయాల్సింది తన చదువుకు సంబంధించిన ఉద్యోగం. రాత్రిపూట గ్యాస్ స్టేషన్ కౌంటర్‌లో కూర్చోవడం ఆ ఓపీటీ కిందకు రాదు. ఏదైనా జరిగి పోలీసులు వస్తే ముందు బయటపడేది అదే. తుపాకీ సంగతి తేల్చుకునేలోగా అతన్ని ఇమిగ్రేషన్ లాయర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఈలోగా రాత్రి కౌంటర్‌కు గాజు అడ్డం, పానిక్ బటన్, నోట్లు లోపలికి జారిపోయే డ్రాప్ సేఫ్ పెట్టించండి. ఎవరైనా తుపాకీ చూపితే గల్లాపెట్టెలో ఉన్నది ఇచ్చేయమని అతనికి మీ నోటితో చెప్పండి. మీరు చెప్పకపోతే బావగారి సొమ్మని ఎదురు తిరుగుతాడు.

ఇక పిస్టల్ విషయం. టోస్టర్ పాడైతే ఫిర్యాదు తీసుకునే ఫెడరల్ వినియోగ వస్తువుల భద్రతా కమిషన్‌కు తుపాకుల మీద అధికారం లేదు. 1972 చట్టంలోనే తుపాకులను దాని పరిధి నుంచి తప్పించారు. ఫలానా మోడల్ వెనక్కి తెప్పించమని కంపెనీని ఆదేశించే ఫెడరల్ ఆఫీసు ఏదీ లేదు. అందుకే ఈ దేశంలో చిన్న పిస్టళ్ల రీకాల్స్ కంపెనీలు తమంతట తాము ప్రకటించినవే. 2008లో రూగర్ తన ఎల్‌సీపీని, కింద పడితే పేలవచ్చని వెనక్కి పిలిచింది. 2013లో స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీ ఎక్స్‌డీ-ఎస్‌ను పిలిచింది. 2020 మార్చి నుంచి అక్టోబరు దాకా తయారైన షీల్డ్ ఈజెడ్ పిస్టళ్లను, హ్యామర్ భాగం సరైన కొలతల్లో తయారు కాలేదని స్మిత్ అండ్ వెసన్ పిలిచింది. మీరు ముందు చేయాల్సిన పని, కంపెనీ వెబ్‌సైట్‌లో మీ పిస్టల్ సీరియల్ నంబరు కొట్టి చూడటం. రీకాల్‌లో ఉంటే బాగుచేసే ఖర్చు వాళ్లదే, వాదన అక్కర్లేదు.

లేకపోతే మీ చేతిలో ఉన్నది వారంటీ. అది ఎవరిచ్చిందన్నదే ముఖ్యం. కంపెనీ రాతపూర్వకంగా వారంటీ ఇచ్చిందంటే, 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం, వస్తువు దాని మామూలు పనికి పనికిరావాలనే చట్టం పెట్టిన హామీని ఆ కంపెనీ పూర్తిగా కాదనలేదు. లాయరు ఫీజు కూడా రాబట్టే వీలుంది. కొన్ని కంపెనీలు ఈ చట్టం కారణంగానే అసలు వారంటీ కార్డే ఇవ్వవు. రూగర్ మాన్యువల్లో ఆ సంగతి బాహాటంగానే రాసుకుంది. అయినా బాగుచేసి ఇవ్వడంలో దానికి మంచి పేరే ఉంది. కాబట్టి కార్డు లేదని నిరాశపడకండి, ఉందని నిశ్చింతగానూ ఉండకండి.

షాపు సంగతి వేరు. తుపాకులు వెనక్కి తీసుకోం అన్నది షాపు పెట్టుకున్న నియమం, చట్టం కాదు. టెక్సస్‌లో వ్యాపారి అమ్మిన వస్తువుకు, మామూలు వాడకానికి పనికొస్తుందనే హామీ దానంతట అదే ఉంటుంది. రసీదు మీద కొట్టొచ్చినట్టు కనపడేలా 'ఉన్నదున్నట్టుగానే అమ్మకం' అని రాసి ఉంటే మాత్రం ఆ హామీ ఎగిరిపోతుంది. ముందు రసీదు రెండు వైపులా చదవండి. అలా లేకపోతే, లోపం వల్ల ఆ వస్తువు విలువే దెబ్బతిందని చూపించి, కొనుగోలును రద్దు చేసుకుంటున్నానని నోటీసు ఇవ్వవచ్చు. వారంటీ దావాకు డెలివరీ తీసుకున్న రోజు నుంచి 4 ఏళ్ల గడువు ఉంది. కానీ లోపం కనిపించాక సమంజసమైన సమయంలో తెలియజేయకపోతే మొత్తం హక్కే పోతుంది. ఈ రెండో సంగతి తెలియక నష్టపోయేవాళ్లే ఎక్కువ. ఫోన్లో చెప్పామంటారు, కాగితం ఉండదు. షాపుకూ, కంపెనీకీ విడివిడిగా, ఈ వారమే రాయండి. టెక్సస్ వినియోగదారుల మోసాల చట్టం కింద కూడా వెళ్లాలనుకుంటే కేసుకు 60 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, దానికి గడువు 2 ఏళ్లే. ఇంత సొమ్ముకు పెద్ద కోర్టు అవసరం రాదు. 20,000 డాలర్ల దాకా జస్టిస్ కోర్టులోనే, లాయరు లేకుండా వేసుకోవచ్చు.

అక్కడ కంపెనీ ఏమంటుందో ఇప్పుడే చెబుతాను. చిన్న పిస్టల్‌లో బ్యారెల్ పొట్టిది, స్లయిడ్ తేలిక, స్ప్రింగు బిర్రు. స్లయిడ్ వెనక్కి వెళ్లి ఖాళీ కేసును విసిరి, ముందుకొచ్చి కొత్త తూటాను ఎక్కించడానికి దొరికే సమయం పెద్ద పిస్టల్ కన్నా తక్కువ. మణికట్టు వదులుగా పట్టినా, తూటా బలహీనమైనదైనా, ముక్కు గుంటగా ఉండే హాలో పాయింట్ ఆకారం నప్పకపోయినా ఆగిపోతుంది. మొదట 200 తూటాలు కాల్చి అలవాటు చేశాకే నమ్మాలని కార్ (Kahr) లాంటి పిస్టల్ కంపెనీలు ముందే చెబుతాయి. అంటే తప్పు మీ చేతిదో, తూటాదో అంటారు. దీన్ని తిప్పికొట్టేది మీరు రాసుకునే పుస్తకమే. మాన్యువల్ చెప్పిన ఫ్యాక్టరీ తూటాలే రెండు మూడు బ్రాండ్లు తీసుకోండి. ఇంట్లో తిరిగి నింపినవి వద్దు. తూటాలు నింపే మేగజైన్లకు నంబర్లు వేయండి. తేదీ, బ్రాండ్, ఏ మేగజైన్, ఎన్నో తూటాకు ఆగింది, ఎలా ఆగింది, రాయండి. అన్నిటికన్నా బలమైన సాక్ష్యం, అనుభవం ఉన్న రేంజ్ శిక్షకుడు అదే పిస్టల్ కాల్చినప్పుడు కూడా ఆగితే తీసిన వీడియో. ఒక్క మేగజైన్‌తోనే ఆగుతుంటే, 30, 40 డాలర్ల మేగజైన్ మార్చి ఊపిరి పీల్చుకోండి. ట్రిగ్గర్, స్ప్రింగు వంటివి బయటివి బిగించి ఉంటే నిజం చెప్పండి, ఆ పరిస్థితిలో మీ కేసు చాలా బలహీనపడుతుంది.

ఇంటర్నెట్‌లో మిగతా యజమానులు రాసిన మాటలను లోపానికి రుజువుగా కోర్టు తీసుకోదు. వాళ్లెవరో, ఏం వాడారో తెలియదు. కానీ ఆ ఫిర్యాదులు కంపెనీకి ముందే అందాయని చూపడానికి పనికొస్తాయి, వాళ్ల లోపమూ మీ లోపమూ గణనీయంగా ఒకేలా ఉంటే. చదివేటప్పుడు ఎన్ని తూటాలు కాల్చాక రాశారన్నది చూడండి. 50 కాల్చి అద్భుతం అన్నవాడి మాటకూ, 50 కాల్చి చెత్త అన్నవాడి మాటకూ నేను ఒకే విలువ ఇస్తాను. కంపెనీకి పంపాక ఏ భాగం మార్చి పంపారో రాసినవాళ్ల అనుభవం మాత్రం దాచుకోండి. అదే భాగం మీ పిస్టల్‌లోనూ మార్చమని రాతపూర్వకంగా అడగవచ్చు. కంపెనీకి రెండోసారి పంపాల్సి వస్తే వాళ్లిచ్చే షిప్పింగ్ లేబుల్‌తోనే పంపండి. బాగుచేసినదాన్ని గానీ, అదే రకం బదులు పిస్టల్‌ను గానీ నేరుగా మీ ఇంటికే పంపడానికి ఫెడరల్ చట్టం ఒప్పుకుంటుంది.

దానంతట అదే పేలడం అన్నది వేరే జాతి లోపం. జామ్ అయితే కంపెనీకి పంపమన్నాను. ట్రిగ్గర్ తాకకుండా పేలితే మాత్రం కంపెనీకి పంపకండి, శుభ్రం కూడా చేయకండి. తూటాలు తీసి, ఉన్నది ఉన్నట్టుగా, పెట్టుకునే ఒర (హోల్‌స్టర్)తో సహా భద్రపరిచి లాయరును పిలవండి. పరీక్ష రెండు పక్షాల నిపుణుల ఎదుటే జరగాలి. తుపాకీ కంపెనీల మీద కేసులను అడ్డుకునే 2005 చట్టం ఒకటి ఉంది. కానీ తయారీ, డిజైన్ లోపాలకూ, వారంటీ ఉల్లంఘనకూ అందులోనే మినహాయింపు ఉంది. సిగ్ సావర్ కంపెనీ పీ320 పిస్టల్ మీద 2024లో జార్జియా జ్యూరీ 23 లక్షల 50 వేల డాలర్లు, ఫిలడెల్ఫియా జ్యూరీ 1 కోటీ 10 లక్షల డాలర్లు ఇవ్వమంది. కంపెనీ తమ పిస్టల్‌లో లోపం లేదనే అంటోంది. అదే పిస్టల్ మీద మరికొన్ని కేసులు నిపుణుల సాక్ష్యాన్ని కోర్టు తోసిపుచ్చడంతో కూలిపోయాయి. టెక్సస్‌లో ఇంకొంచెం కష్టం. డిజైన్ తప్పంటే, అంతకన్నా సురక్షితమైన డిజైన్ సాధ్యమేనని మీరే చూపాలి. గాయం కేసుకు గడువు 2 ఏళ్లు.

మీ స్టోర్‌లో కస్టమర్‌కు తగిలితే, ముందు దావా పడేది కంపెనీ మీద కాదు, మీ మీదే. జామ్ అవుతోందని తెలిసీ నడుముకు పెట్టుకు తిరిగావని అవతలి లాయరు అడుగుతాడు. మీరు రాసుకున్న ఆ పుస్తకమే అప్పుడు అతని చేతిలో ఉంటుంది. అందుకే తేలేదాకా దాన్ని రేంజ్‌కి తప్ప ఎక్కడికీ తీసుకెళ్లకండి, మిగతా వేళల్లో తాళం వేసిన పెట్టెలో ఉంచండి. కన్వీనియెన్స్ స్టోర్ ఇన్సూరెన్స్ పాలసీల్లో తుపాకుల వల్ల కలిగే నష్టాన్ని మినహాయించే క్లాజు తరచుగా కనిపిస్తుంది. మీ పాలసీలో ఉందో లేదో ఏజెంటును ఫోన్లో కాకుండా ఈమెయిల్‌లో అడిగి, జవాబు కూడా రాతలోనే తీసుకోండి.